చీడపురుగుల శాస్త్రవాఙ్మయము : సూచికలు, సంగ్రహపత్రికల చరిత్ర

పంటలకును, నిలువ ధాన్యమునకును, పశువులకును, మనుష్యులకును కీడుచేయు కీటకములను గూర్చియు, వాని నివారణమును గూర్చియు నానాదేశములలో, నానాభాషలలో ప్రకటితమగు శాస్త్రరచనలను సేకరించి, వాని సారమును క్లుప్తముగా వ్రాసి, రచయిత పేరును, పురుగు పేరును, పైరు పేరును బట్టి వెదకుటకు వీలగునట్లు సూచికలు కూర్చి, కోరినవారికి అందజేయు కార్యము ఆధునిక సస్యరక్షణకు ఆధారములలో నొకటి. పురుగులు ఓడలలోను, నాటు మొక్కలలోను, ధాన్యపు బస్తాలలోను ఖండములు దాటి పోవుచుండగా, వానిని గూర్చి ఒక దేశమున సంపాదింపబడిన జ్ఞానము ఆ దేశపు పత్రికలలోనే చిరకాలము నిలిచిపోయెడిది. ఈ లోపమును తీర్చుటకై సుమారు నూటయేబది యేండ్లుగా జరిగిన కృషి యిచట వివరింపబడుచున్నది.

తొలి ప్రయత్నములు

భారతదేశమున వరాహమిహిరుని బృహత్సంహితయందును, సురపాలుని వృక్షాయుర్వేదమునందును వృక్షరోగములును వాని చికిత్సలును చెప్పబడినవి. ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దమున రియోమర్, లినేయస్ మొదలగువారు కీటకముల జీవితమును, జాతిభేదములను వర్ణించిరి. ఎవరు ఏమి వ్రాసిరో ఒక్కచోట చూపు గ్రంథములు అటుపిమ్మట గాని రాలేదు. 1837లో పారిస్‌నందు పెర్షరాన్ కూర్చిన కీటకశాస్త్ర గ్రంథసూచి రెండు సంపుటములుగా వెలువడెను. 1862-63లో కోనిగ్స్‌బర్గు వైద్యుడును, తూనీగలను గూర్చి విశేషపరిశోధన చేసినవాడును అగు హెర్మన్ ఆగస్ట్ హేగెన్, లైప్జిగ్ నగరమున 'బిబ్లియోథెకా ఎంటొమొలాజికా' అను రెండు సంపుటముల మహాసూచిని ప్రకటించి, 1862 వరకు వచ్చిన కీటకవాఙ్మయమునంతను రచయితల క్రమమున అమర్చెను. ఒక్క మనుష్యుని శ్రద్ధకు ఇంతకు మించిన నిదర్శనము ఈ రంగమున అరుదు. 1864వ సంవత్సరపు రచనలతో ఆరంభమై, ఆల్బర్ట్ గుంథర్ సంపాదకత్వమున లండనులో వెలువడిన జంతుశాస్త్ర వార్షికసూచి, ఏటేట క్రొత్త రచనలను నమోదుచేయు పద్ధతిని స్థిరపరచెను. అయినను ఇవి ప్రధానముగా జాతినిర్ణయము చేయు పండితులకు ఉపకరించినవే కాని, పొలమున పురుగు పడినపుడు ఏమి చేయవలెనో తెలిసికొనగోరు అధికారికి వీనివలన కలిగిన ప్రయోజనము స్వల్పము.

అమెరికాలో ఆర్థిక కీటకశాస్త్రము

పంటనష్టమును ప్రధానముగా గణించు వాఙ్మయమునకు అమెరికా సంయుక్తరాష్ట్రములు పుట్టినిల్లు. 1868లో మిసోరీ రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడుగా నియుక్తుడైన చార్లెస్ వాలెంటైన్ రైలీ తొమ్మిది వార్షికనివేదికలు ప్రకటించెను. పిమ్మట కేంద్ర వ్యవసాయశాఖలో చేరి, 1888లో 'ఇన్సెక్ట్ లైఫ్' అను పత్రికను ఆరంభించెను; అది 1895 వరకు వెలువడెను. దూరదేశముల శాస్త్రజ్ఞులు ఒకరి రచనలను ఒకరు చదువుట వలన ఎంత మేలు కలుగునో ఈ కాలపు ఘటన యొకటి తెలుపుచున్నది. కాలిఫోర్నియాలోని నారింజ, నిమ్మ తోటలను నాశనము చేయుచున్న దూదివంటి పొలుసుపురుగును న్యూజీలండులో మాస్కెల్ అనునతడు శాస్త్రీయముగా వర్ణించి నామకరణము చేసియుండెను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున దానిని తిను పరాన్నజీవి యీగను క్రాఫర్డ్ అనునతడు కనుగొని రైలీకి తెలియజేసెను. ఈ ఆధారములను బట్టి రైలీ 1888లో ఆల్బర్ట్ కోబెలెను ఆస్ట్రేలియాకు పంపగా, అతడచట కనుగొని తొలుత పంపిన 129 అక్షింతల పురుగులు కాలిఫోర్నియాలో సంతతి వృద్ధిపొంది, ఒకటి రెండేండ్లలో తోటలను రక్షించెను. 1920ల చివర అదే పొలుసుపురుగు నీలగిరులలో కనబడినపుడు, మన అధికారులు అదే అక్షింతల పురుగును తెప్పించి విడిచిరి. నలుబదేండ్ల నాటి ముద్రితానుభవము సిద్ధముగా నుండుటచే వారు క్రొత్తగా వెదుకవలసిన పనిలేకపోయెను.

1887 నాటి హాచ్ చట్టమువలన ప్రతిరాష్ట్రమునను ప్రయోగక్షేత్రములేర్పడి, ఒక్కొక్కటి తన నివేదికలను వేరుగా ముద్రింప నారంభించుటతో, వానిని వెదకి చదువుట దుష్కరమయ్యెను. వ్యవసాయశాఖ 1889లో 'ఎక్స్‌పెరిమెంట్ స్టేషన్ రికార్డ్' అను సంగ్రహపత్రికను స్థాపించెను. శామ్యూల్ హెన్షా 1890 మొదలు అమెరికా ఆర్థిక కీటకశాస్త్ర గ్రంథసూచిని భాగములుగా వెలువరింపగా, నేథన్ బ్యాంక్స్ దానిని కొనసాగించెను. 1905 నుండి 1914 వరకు వచ్చిన రచనలకు బ్యాంక్స్ కూర్చిన సూచిక 1917లో ప్రకటితమాయెను. తరువాతి సంపుటములను కీటకశాస్త్రశాఖ గ్రంథాలయాధికారిణియగు మేబెల్ కోల్కార్డ్ కూర్చెను. పొలమునకు పోకయే పంటను కాపాడినవారిలో ఈమెను తప్పక చేర్చవలెను.

లండను సంస్థ : 'రివ్యూ ఆఫ్ అప్లైడ్ ఎంటొమాలజీ'

ఈ చరిత్రలో ప్రధానాధ్యాయము లండనులో వ్రాయబడినది. ఆఫ్రికాలో సెట్సీ యీగవలన వ్యాపించు నిద్రావ్యాధి భీకరముగా నుండుటచే, బ్రిటిషు వలసరాజ్యముల కార్యాలయము 1909లో లార్డ్ క్రోమర్ అధ్యక్షతను ఒక కీటకపరిశోధన సంఘమును నియమించెను. దానికి కార్యదర్శి గై ఆన్స్ట్రుథర్ నాక్స్ మార్షల్. ఇతడు 1871లో అమృతసరమున జన్మించి, దక్షిణాఫ్రికా, రొడీషియాలలో చిరకాలము గడపి, ముక్కుపురుగుల జాతినిర్ణయమున అసమానపండితుడుగా ఖ్యాతివహించినవాడు. 1910లో సంఘము తన పరిశోధనపత్రికను ప్రారంభించెను. 1913లో ఈ సంఘమే సామ్రాజ్యమంతటికిని సేవచేయు ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ ఎంటొమాలజీగా విస్తరింపగా, ఆ యేటి జనవరిలోనే 'రివ్యూ ఆఫ్ అప్లైడ్ ఎంటొమాలజీ' పుట్టెను. వ్యవసాయ కీటకములకు ఒకటి, వైద్య పశువైద్య కీటకములకు వేరొకటి, ఇట్లు రెండు శ్రేణులుగా అది నెలనెలా వెలువడుచుండెను.

ఆ పత్రికలోని ఒక్కొక్క నమోదు చూడ మిక్కిలి నిరాడంబరము. మొదట రచయిత యింటిపేరు, దాని ప్రక్క కుండలీకరణములలో పేరులోని పొడి అక్షరములు. పిదప వ్యాసశీర్షిక, అది ఆంగ్లేతర భాషయైనచో చతురస్రపు కుండలీకరణములలో ఆంగ్లానువాదము. అటుపై పత్రిక సంక్షిప్తనామము, ముద్రణస్థలము, సంపుటసంఖ్య, తేదీ, పుటలు. ఇంతవరకు గుర్తింపునకు సంబంధించిన భాగము. దాని క్రింద, పురుగు ఏ పైరును ఏ ఋతువున ఆశ్రయించినదో, గ్రుడ్డు నుండి రెక్కల పురుగగు వరకు ఎన్ని దినములు పట్టినదో, ఏ మందు ఏ పాళ్లలో చల్లగా ఏ ఫలము కలిగినదో, మూలమును చూడకయే గ్రహింపదగినంత స్పష్టముగా సంగ్రహింపబడి యుండును. సంవత్సరాంతమున రచయితల సూచికయు, పురుగులు, పైరులు, దేశములు, నివారణోపాయములు కలిసిన సామాన్యసూచికయు చేర్చబడును. రష్యను, జర్మను, ఇటాలియను, పోర్చుగీసు పత్రికలను చూడజాలని మారుమూల అధికారికి సైతము, ఈ ఒక్క పత్రిక చందాతో ప్రపంచవాఙ్మయము గదిలోనికి వచ్చినట్లాయెను. రెండు ప్రపంచయుద్ధముల కాలమునను ఇది ఆగక వెలువడుట సంపాదకుల దీక్షకు తార్కాణము.

ఈ సంస్థ సంగ్రహములతో పాటు పురుగుల గుర్తింపును కూడ చేపట్టెను. పేరు తప్పినచో వాఙ్మయమంతయు తప్పును గనుక ఇది యుక్తమైన సంబంధము. దీనికి మన శనగపచ్చ పురుగే ఉదాహరణము. ఇది పూర్వగ్రంథములలో హీలియోథిస్ ఆబ్సొలీటాగాను, పిదప హీలియోథిస్ ఆర్మిజెరాగాను కనబడును. తొలిపేరు క్రింద అమెరికాలోని వేరొక జాతిని గూర్చిన సంగతులును కలిసియుండెడివి. 1965లో హార్డ్‌విక్ ఈ జాతులను వేరుపరచి హెలికోవెర్పా అను ప్రజాతిని ఏర్పరచెను. ఈ మూడు పేర్లును ఎరుగనివాడు పాతసూచికలలో దీని చరిత్రను సగమైనను చూడజాలడు.

మొక్కల తెగుళ్లకు ఇట్టి సంస్థయే 1920లో లండనులోని క్యూయందు ఏర్పడెను. దాని మొదటి డైరెక్టరు, అంతకుముందు బీహారులోని పూసాయందు పనిచేసిన ఇ. జె. బట్లర్; దాని సంగ్రహపత్రిక 1922లో ఆరంభమాయెను. తెగుళ్ల వ్యాప్తిపటములు 1942 నుండియు, పురుగుల వ్యాప్తిపటములు 1951 నుండియు వెలువడసాగెను. ఈ సంస్థలన్నియు క్రమముగా కామన్వెల్త్ అగ్రికల్చరల్ బ్యూరోలలో అంతర్భాగములై, 1980లలో క్యాబ్ ఇంటర్నేషనల్ అను అంతర్జాతీయ సంస్థగా రూపొందెను.

భారతదేశమున

కలకత్తా మ్యూజియము 1889 నుండి ప్రకటించిన 'ఇండియన్ మ్యూజియం నోట్స్' ఈ దేశమున చీడపురుగుల సమాచారమును ఒక్కచోట కూర్చిన తొలి ప్రయత్నములలో నొకటి. 1905లో పూసాయందు వ్యవసాయపరిశోధనాలయము నెలకొన్న పిమ్మట మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో 'ఇండియన్ ఇన్సెక్ట్ పెస్ట్స్', 1909లో 'ఇండియన్ ఇన్సెక్ట్ లైఫ్' అను గ్రంథములను వెలువరించెను. కోయంబత్తూరున మద్రాసు ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడుగా నుండిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణభారత కీటకములపై ప్రకటించిన గ్రంథము ఆనాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకును వర్తించును. ఆతడే పిదప పూసాలో దేశమందలి కీటకశాస్త్రజ్ఞుల సభలు జరిపించి, వాని చర్చలను ముద్రింపించి, పంటల చీడల వివరణపట్టికను కూర్చెను. టి. వి. రామకృష్ణ అయ్యర్ 1940లో ప్రకటించిన దక్షిణభారత ఆర్థిక కీటకశాస్త్ర కరదీపిక చిరకాలము వ్యవసాయాధికారుల చేతిలో నుండినది. 1938లో భారత కీటకశాస్త్ర సంఘము ఏర్పడి, మరుసటియేట తన పత్రికను ఆరంభించెను.

మందుల యుగము

1939లో పాల్ ముల్లర్ డీడీటీకి గల కీటకనాశకశక్తిని కనుగొనిన పిమ్మట, మందులను గూర్చిన రచనలు వరదవలె పెరిగెను. పురుగులు మందునకు అలవాటుపడునా అను ప్రశ్నను మెలాండర్ 1914లోనే, సాన్‌హోసే పొలుసుపురుగును గూర్చిన వ్యాసమున లేవదీసి యుండెను. ఆ హెచ్చరిక డీడీటీ విఫలమగుట మొదలిడిన పిమ్మటనే విశేషముగా చర్చింపబడినది. 1962లో రేచెల్ కార్సన్ వ్రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' ముఖ్యముగా, అంతకుముందే పలుపత్రికలలో చెదరియుండిన పరిశోధనలను ఒక్కచోట చేర్చిన గ్రంథము; చివరనున్న దీర్ఘమైన ఆధారపట్టికయే దాని బలము.

పైరిత్రాయిడ్ మందులకు పైన చెప్పిన శనగపచ్చ పురుగు లొంగకపోవుట 1983లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండునందు వెల్లడియై, పత్రికలకెక్కెను. 1987లో ఆంధ్రదేశపు గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలలో ఇదే విపత్తు వచ్చి, రైతులు మందుపై మందు కొట్టియు పంటను దక్కించుకొనలేక, అప్పులలో మునిగి, కొందరు ప్రాణములు విడిచిరి. ముద్రితమైన జ్ఞానము సకాలమున చేరవలసినచోటికి చేరకున్న కలుగు నష్టము రూపాయలలో కొలువరానిది.

యంత్రగణకముల రాక

ముద్రిత సూచికలలో వెదకువాడు ఒక్కొక్క సంవత్సరపు సంపుటమును విడివిడిగా తెరచి చూడవలసియుండెను. ముప్పదియేండ్ల వాఙ్మయమునకు ముప్పది సూచికలు. 1973 నుండి క్యాబ్ సంగ్రహములు కంప్యూటరు రూపమున లభ్యమగుటతో ఈ శ్రమ తగ్గెను. 1910 నుండి వచ్చిన పాతసంపుటములు కూడ పిదప అదే రూపమునకు మార్చబడినవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ 1970ల మధ్యభాగమున ఆగ్రిస్ పద్ధతిని నెలకొల్పి, ప్రతిదేశము తన రచనలను తానే నమోదుచేసి అందరితో పంచుకొను ఉదారమైన ఏర్పాటు చేసెను. 2003లో ఆరంభమైన అగోరా పథకము బీదదేశములకు పత్రికలను ఉచితముగానో, స్వల్పమూల్యమునకో అందించుచున్నది. భారత వ్యవసాయపరిశోధన మండలి 2007లో స్థాపించిన సెరా కూటమి వ్యవసాయ విశ్వవిద్యాలయములకు పత్రికలను ఉమ్మడిగా సమకూర్చుచున్నది.

తెలుగునాట

1972లో పటాన్‌చెరువునందు స్థాపితమైన ఇక్రిశాట్ జొన్న, చిరుధాన్యముల వాఙ్మయమునకు ప్రత్యేక సమాచారకేంద్రమును నడిపి, 1981 నవంబరులో పచ్చపురుగు యాజమాన్యముపై అంతర్జాతీయ సదస్సు జరిపించి, చర్చలను గ్రంథముగా ప్రకటించెను. ఇటీవలి రెండు ఘటనలు వాఙ్మయ వినిమయపు శక్తిని, లోపమును గూడ చూపుచున్నవి. 2018లో కర్ణాటకమున కనబడి, ఆ యేడే తెలుగు రాష్ట్రముల మొక్కజొన్నకు పాకిన కత్తెర పురుగును గూర్చి, అమెరికా ఖండపు పూర్వపరిశోధనలును, 2016 నుండి ఆఫ్రికాలో కూర్చబడిన సమాచారమును సిద్ధముగా నుండుటచే, దానిని వెంటనే గుర్తించి రైతులకు సలహా లీయ సాధ్యమాయెను. ఆగ్నేయాసియాలో చిరపరిచితమైన నల్ల తామర పురుగు మన దేశమున బొప్పాయిపై నున్నట్లు 2015లోనే ప్రకటింపబడినను, 2021లో గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల మిరపతోటలలో పూత నంతటిని రాల్చివేయు వరకు, మిరపరైతు దానిని ఎరుగడు; ఆకు పైముడతకు కారణమగు పాత తామర పురుగునకు వాడు మందులనే కొట్టి నష్టపోయినవారు పెక్కుమంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయముల 'వ్యవసాయ పంచాంగము', ప్రభుత్వశాఖ వెలువరించిన 'పాడిపంటలు', 1969 నుండి వెలువడిన 'అన్నదాత' మున్నగు ప్రచురణలు ఈ విజ్ఞానసారమును తెలుగున రైతుకు అందించినవి. అర్ధశతాబ్దికి పైగా పేరుకొన్న ఈ సంచికలలో కొన్ని చీడలు తొలిసారి కనబడిన తావులు, కాలములు, ఆయా మండలములలో పనిచేసిన ఉపాయములు నమోదై యున్నవి. పురుగు పేరును, పైరు పేరును, జిల్లాను బట్టి వీనికి సమగ్రసూచిక కూర్చుట హేగెన్, కోల్కార్డ్ చేసినంత ఓపికతో చేయదగిన పని. అట్టి సూచిక ప్రతి రైతుసేవాకేంద్రమునను ఉన్ననాడు, ప్రక్కజిల్లాలో నిన్న పడిన పురుగును గూర్చి నేడు ఇచటివారు క్రొత్తగా నేర్చుకొనవలసిన అవసరము చాలవరకు తొలగును.