బందరులో దిగినవారు ఏం చూశారు?

పదిహేడో శతాబ్దంలో బందరు (మచిలీపట్నం) రేవులో దిగిన ఐరోపావాళ్లను తొలి పర్యాటకులనడం మనకు అలవాటు. నిజానికి ఎవరితో వెళ్లాలో, ఏం చూడాలో వాళ్లకు బేరమే తేల్చింది. డచ్చివాళ్ల తరవాత 1611లో ఇంగ్లీషువాళ్లూ ఇక్కడికి చేరి నూలుబట్టల కోసం పోటీపడ్డారు. అయినా ఇంగ్లీషు కోఠీ (వర్తక స్థావరం) పెద్ద విలియం మెత్‌వోల్డ్ డచ్చి కోఠీ పెద్దతో కలిసే వజ్రాల గనులు చూసివచ్చాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, అతని సహచరుడు దు జార్దాఁ బందరులో దిగి గండికోట దాకా వెళ్లింది కోట చూడ్డానికి కాదు, గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ముత్యాలు చూపడానికి.

మరి కుతూహలం లేదా, మెత్‌వోల్డ్ కులాల గురించీ, ఆచారాల గురించీ రాశాడు కదా అనవచ్చు. ఉంది. కాని వాళ్లు ఎక్కువగా రాసింది కోఠీకి, రాజదర్బారుకు, గనికి పోయే దారుల్లో ఎదురైనవాటినే. బందరుకు దగ్గరలోనే ఉన్న ఘంటసాల బౌద్ధస్తూపం పరిశోధకుల కంట పడటానికి 19వ శతాబ్దం రావలసివచ్చింది. అది అప్పటికి మట్టిదిబ్బే, ఎలా గుర్తిస్తారంటే ఆ మాటా నిజమే. అయితే దిబ్బను తవ్వి చూడాలన్న ఆసక్తికి తీరిక కావాలి, వర్తకుడికి దొరకనిది అదే. అందుకే వాళ్ల రాతలను ఊరి బొమ్మగా కాక, వ్యాపారపు దారిపటంగా చదవాలి.