నీరు త్రాగని నేలపలక

నేడు ఇండ్లలోను, దుకాణములలోను పరచు విట్రిఫైడ్ టైల్సు పుట్టుకకు చొక్కా గుండీలతో సంబంధము కలదన్నచో విద్యార్థులు నవ్వవచ్చును. కాని అది నిజమే. 1840లో ఇంగ్లండులో రిచర్డ్ ప్రాసర్ అను నాతడు, తడిమట్టికి బదులు దాదాపు పొడిగానున్న మట్టిని లోహపు అచ్చులో గట్టిగా నొక్కి గుండీలు చేయు పద్ధతికి పేటెంటు పొందెను. స్టోక్ పట్టణమున పింగాణి కర్మాగారము నడపుచున్న హెర్బర్ట్ మింటన్ ఆ హక్కులో భాగము కొని, అదే పద్ధతిని నేలపలకలకు వాడెను. తడిమట్టి ఆరునపుడు కుంచించుకొని వంకరపోవును. పొడిమట్టికి ఆ బాధ తక్కువ.

నొక్కుడుకు తోడు మంటయు కావలెను. మట్టిలో కలిపిన ఫెల్డ్‌స్పార్ సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగి, రేణువుల నడిమి సందులను గాజువలె నింపును. విట్రిఫైడ్ అనగా గాజుగా మారినదని అర్థము. ఇట్టి పలకలు 10 కిలోలు తూచినచో 50 గ్రాములకు మించి నీరు పీల్చరాదు. గోడలకు అంటించు మామూలు పలకలు అంతే బరువునకు కిలోకు పైగా పీల్చగలవు. కావున కొనువారు మెరుపును గాక, నీరు పీల్చు శాతమును విచారింపవలెను.

చిక్కు కూడ ఇచ్చటనే యున్నది. పాత పలకల రంధ్రములలోనికి సిమెంటు పాలు చొచ్చి పట్టుకొనెడివి. వీనిలో చొచ్చుటకు చోటు లేదు. అయినను మన తాపీ మేస్త్రీలు కొందరు వీనిని నేటికిని తొట్టిలో నానబెట్టి, వట్టి సిమెంటుపై పరచుచున్నారు. నానుటకు అందేమున్నది? కొంతకాలమునకు పలక పట్టు విడిచి, నాణెముతో తట్టిన డొల్లగా మ్రోగును. పాలిమర్ కలిపిన జిగురును పళ్ళుగల తాపీతో అడుగున అంతటను పరచి, పలకల నడుమ 2, 3 మిల్లీమీటర్ల సందు విడువవలెను.