వేయి ఇండ్ల శ్రేణి నుండి నలుబది మంది గిల్డు వరకు

కనుమనాడు కోనసీమలోని మొసలపల్లి వద్ద జగ్గన్నతోటలో పదకొండు గ్రామముల ప్రభలు కూడుతవి. ఆ తోటలో గుడి లేదు. ఏ ఊరి దైవము ఆ ఊరి ప్రభపై బయలుదేరి వచ్చుట అక్కడి ఆచారము. వెదురు బద్దలతో కట్టి, రంగు వస్త్రములతో అలంకరించిన ప్రభను యువకులు భుజములపై ఎత్తుకొని, అశ్శరభ శరభ అని కేకలు వేయుచు వరిచేల మీదుగా నడుస్తారు. పైరు తొక్కినారని రైతు కోపగించడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు ఎగువ కౌశికలో దిగి, నీటిలో నడచి, ఆవలి గట్టెక్కవలెను. ఆ సమయమున ఒక భుజము ముందుగా దిగినను, ఒక పాదము వెనుకబడినను ప్రభ ఒరుగుతుంది. మోయువారికి జీతము లేదు. రానివారిని దండించుటకు చట్టము లేదు. అయినను ఏటేటా ప్రభ గట్టెక్కుతూనే ఉన్నది.

జీతము, చట్టము లేనిచోట ఇన్ని చేతులు ఒక్క పనికి ఎట్లు కలుస్తవి? ఇది చాల పాత ప్రశ్న. చరిత్రకారులు దీనికి సమాధానమును శాసనములలో వెదకినారు. అర్థశాస్త్రజ్ఞులు కాలువ గట్లపై వెదకినారు. ఇటీవలి కాలమున ఎవరును ఊహింపని మరియొక చోట దీనికి వేలకొలది ప్రయోగములు జరిగినవి. ఆ చోటు కంప్యూటరు ఆట. ఆ ప్రయోగము పేరు గిల్డు.

శాసనములలోని శ్రేణులు

గిల్డు అనగా ఒకే వృత్తిలో ఉన్నవారు తమకు తాముగా ఏర్పరచుకొన్న కట్టుబాటు గల సంఘము. మన దేశమున దీనిని శ్రేణి అన్నారు. శాతవాహనులతో పోరాడిన నహపానుని అల్లుడు ఉషవదాతుడు నాసిక గుహలోని భిక్షువుల పోషణకై గోవర్ధనములోని సాలెవారి శ్రేణులలో సొమ్ము దాచినాడు. ఒక శ్రేణిలో 2000 కార్షాపణములు నూటికి ఒకటి చొప్పున, ఇంకొక శ్రేణిలో 1000 కార్షాపణములు నూటికి ముప్పాతిక చొప్పున నెలవడ్డీకి ఉంచినాడు. రాజవంశమువాడు తన ధర్మకార్యమును నేతగాండ్ర మాటపై వదలినాడనగా ఆ మాటకు ఎంత విలువ ఉండెనో గ్రహింపవచ్చును.

శ్రేణి ఊరు మారినను చెదరలేదు. లాట దేశపు పట్టునేతగాండ్రు దశపురమునకు, అనగా నేటి మందసోరునకు, తరలిపోయినారు. వారిలో కొందరు నేత విడిచి ఇతర వృత్తులలో దిగినారు. అయినను శ్రేణి పేరుతోనే క్రీ. శ. 436లో సూర్యాలయము కట్టించి, 473లో దానిని బాగుచేయించినారు. వృత్తి మారినను కూటమి నిలచినదని ఆ శాసనమే సాక్ష్యమిస్తున్నది.

కోనసీమకు గౌతమి అవతల టేకి అను గ్రామము కలదు. అక్కడ దొరకిన తామ్ర శాసనము 11వ శతాబ్దము చివరిది. వేంగిని పాలించిన రాజరాజ చోడగంగు బెజవాడ ముఖ్యస్థానముగా గల తెలికివారి వేయి కుటుంబములకు కొన్ని మర్యాదలు ఇచ్చినట్లు అందులో ఉన్నది. ఆ మర్యాదలలో ధనము ప్రధానము కాదు. వారి పెండ్లిలో వధూవరులు గుఱ్ఱమెక్కి వీధులలో ఊరేగవచ్చును. ఊరేగింపు ముగిసిన పిదప రాజు ఎదుట మర్యాద పొందవచ్చును. కలిసి నిలచిన కూటమికి నలుగురి ఎదుట దొరకు గౌరవమే అసలు ప్రతిఫలమని ఆనాటి పాలకులు ఎరిగినారు. ఇట్లే ఐహొళె కేంద్రముగా దక్షిణాపథమంతట వర్తకము సాగించిన అయ్యావళి ఐనూరు అను సంఘమునకు వీరబలంజ ధర్మమను సొంత నియమావళి ఉండెను.

యంత్రములో పుట్టిన సంఘము

1978లో ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్షా అను విద్యార్థి పలువురు ఒకేసారి ఆడదగిన మడ్ అను ఆటను వ్రాయసాగెను. రిచర్డ్ బార్టిల్ దానిని తరువాత పూర్తిచేసినాడు. అందులో బొమ్మలు లేవు, అక్షరములు మాత్రమే. ఒకడు ఆట ఆపి నిద్రించినను ఆ లోకము మాత్రము ఇతరులతో నడుస్తూనే ఉండెను. అంతర్జాలము వ్యాపించిన కొలది ఇట్టి ఆటలు పెద్దవైనవి. 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వెలువడినవి. వేర్వేరు దేశములలోని వేలాదిమంది ఒకే కల్పిత లోకములో తిరుగుటకు ఇవి వీలు కల్పించినవి.

ఈ ఆటలను రచించినవారు ఒక ఉపాయము చేసినారు. కొన్ని రాక్షసులను ఒంటరిగా ఎవ్వరును జయించలేరు. వార్‌క్రాఫ్ట్ ఆట తొలినాళ్లలోని అతి కఠినమైన పోరాటములకు నలుబది మంది కావలెను. దెబ్బలు కాచువారు, గాయములు మాన్పువారు, దాడి చేయువారు ఎవరి పని వారు ఒకే క్షణమున చేయవలెను. ఒకడు తప్పటడుగు వేసినచో నలుబది మంది శ్రమ నీటిపాలు. ఎగువ కౌశికలో ప్రభ మోయువారి స్థితి వంటిదే ఇది. భేదమేమనగా ఇక్కడ ఒకరి ముఖము ఒకరు ఎరుగరు. కావుననే స్థిరమైన గిల్డు అవసరమైనది.

గిల్డులో చేరువారందరు ఒకే కోరికతో రారు. 1996లో బార్టిల్ ఆటగాండ్రను పేకముక్కలతో పోల్చి నాలుగు తెగలుగా విభజించినాడు. గెలుపును, సంపదను కోరువారు డైమండ్లు. కొత్త చోట్లు త్రవ్వి చూచువారు ఇస్పేట్లు. స్నేహము కొరకు వచ్చువారు ఆటీన్లు. ఇతరులను బాధించి ఆనందించువారు కళావర్లు. నాయకుడు అందరిని డైమండ్లుగా భావించి గెలుపునకే తొందర పెట్టినచో, స్నేహము కొరకు వచ్చినవారు మెల్లగా జారుకొంటారు. ఎవరు ఎందుకు వచ్చినారో తెలిసికొనుట నాయకుని మొదటి పని.

చీటీపాట నేర్పిన పంపకము

రాక్షసుడు కూలినంతనే అసలు కష్టము మొదలవుతుంది. శ్రమించినవారు నలుబది మంది. దొరకిన వస్తువులు రెండో మూడో. పంపకములో అన్యాయము జరిగినదను అనుమానమే గిల్డులకు పెద్ద శత్రువు. 1999లో ఎవర్‌క్వెస్ట్ ఆటలోని ఆఫ్టర్‌లైఫ్ అను గిల్డు దీనికొక లెక్క కనిపెట్టినది. పోరాటమునకు వచ్చిన ప్రతివానికి కొన్ని గుణములు పద్దులో వ్రాస్తారు. వస్తువు కావలసినవాడు తన గుణములు వెచ్చించి దానిని పొందుతాడు. ఆ ఆటలోని రెండు డ్రాగనులను చంపుటకై పుట్టిన లెక్క కావున డ్రాగను గుణములను పేరు స్థిరపడినది. పద్దు అందరికి కనిపిస్తుంది. కావున నాయకుని ఇష్టాయిష్టములకు తావు తగ్గినది.

ఈ పద్ధతిలో మెరుగుపడిన రూపము తెలుగువారికి కొత్తది కాదు. చీటీపాటను తలచుకొనవలెను. 20 మంది నెలకు 1000 రూపాయల చొప్పున వేసినచో 20,000 అవుతుంది. అవసరము గలవాడు 4000 తగ్గించుకొని పాడినాడనుకొందము. కమీషను మాట విడిచినచో, ఆ 4000 ఇరువదిమందికి తలకు 200 చొప్పున చేరుతుంది. ముందుగా పొందినవాడు వేచియున్నవారికి వెల చెల్లిస్తున్నాడన్నమాట. గిల్డులలో కొన్ని ఇదే సూత్రమును పాటించినవి. ఒక ఖడ్గము వెల 390 గుణములైనచో, దానిని పొందినవాని పద్దులో 390 తగ్గి, మిగిలిన 39 మంది పద్దులలో పదేసి గుణములు చేరుతవి. మొత్తము ఎప్పుడును సున్న. గుణములు ఊరక పెరిగి విలువ కోల్పోవు చిక్కు ఇందులో లేదు.

అయినను ఒక లోపము మిగిలినది. పాతవారు ఖర్చు చేయక గుణములు కూడబెట్టినచో, కొత్తగా వచ్చినవానికి ఎన్నడును వంతు రాదు. అందుచే కొన్ని గిల్డులు నిలువ గుణములలో వారమునకు కొంత వంతు కోత పెట్టినవి. పదవ వంతు చొప్పున కోసినచో 1000 గుణములు పది వారములలో సుమారు 349 అవుతవి. పాతవారి సేవకు విలువ ఉంటుంది. ఆ విలువ కొత్తవారికి గోడ కాదు. ఉన్నత పాఠశాల విద్యార్థి చక్రవడ్డీ లెక్కను తలక్రిందులుగా చేసినచో ఈ కోత లెక్క వస్తుంది.

ఎంత పెద్దదైనచో మంచిది?

నలుగురిలో ఇద్దరిద్దరి మధ్య సంబంధములు 6. నలుబదిమందిలో అవి 780. ఇన్ని సంబంధములను ఒక్క నాయకుడు కనిపెట్టి ఉండలేడు. వార్‌క్రాఫ్ట్ దళము ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లుగా ఉంటుంది. ఒక్కొక్క జట్టులో 10 సంబంధములు. ఎనిమిది జట్లలో 80. జట్టు నాయకుల మధ్య 28. మొత్తము 108 మాత్రమే. సైన్యములు, పాఠశాలలు కూడ ఈ లెక్క పైననే నడుస్తున్నవి.

2007లో ఆ ఆట రచయితలు కొత్త పోరాటములకు నలుబదిమందికి బదులు ఇరువదిఐదుగురు, కొన్నింటికి పదిమంది చాలునన్నారు. వినుటకు ఇది సులభమే. కాని నలుబదిమందిలో పదిహేనుగురిని బయట కూర్చుండుమని ఎవరు చెప్పవలెను? ఏ రాక్షసుడును ఓడించలేని గిల్డులు పెక్కు ఈ చిన్న ప్రశ్నతో చీలిపోయినవి.

కూలిన గిల్డులు

2003లో ఐస్లండు దేశమున వెలువడిన ఈవ్ ఆన్‌లైన్ అను ఆటలో వేలాది సభ్యులు గల కూటములు నక్షత్రమండలముల కొరకు పోరాడుతవి. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అను కూటమి ఒకప్పుడు అందులో మహా బలము గలది. 2009 ఫిబ్రవరిలో దాని అధికారులలో ఒకడు శత్రు పక్షమున చేరి, తనకున్న అధికారముతోనే కూటమిని రద్దుచేసినాడు. యుద్ధములో ఓడనిది ఒక మీటతో అంతరించినది. తాళపు చెవులన్నియు ఒకరి చేత ఉంచరాదని మన దేవాలయముల హుండీకి ఇద్దరు ముగ్గురి తాళములు వేయుట ఇందుకే గదా!

2014 జనవరి 27న అదే ఆటలో ఒక మండలమునకు చెల్లవలసిన సుంకము గడువులోగా చెల్లలేదు. హక్కు పోయినదని ఎరిగిన ప్రత్యర్థులు విరుచుకొనిపడినారు. పోరాటము ఇంచుమించు 21 గంటలు సాగినది. ఏడు వేలకు పైగా ఆటగాండ్రు పాల్గొన్నారు. టైటాను అను మహానౌకలు 75 నశించినవి. నిజమైన ధనములో ఆ నష్టము సుమారు మూడు లక్షల డాలర్లని అంచనా. పద్దు చూచువాడు యోధునికంటె తక్కువవాడు కాడని ఈ ఉదంతము తెలుపుతున్నది.

కాలువ గట్టు చెప్పిన సూత్రము

అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ అడవులు, చేపల రేవులు, సాగునీరు మొదలైన ఉమ్మడి సంపదలను కాపాడుకొన్న సంఘములను పరిశీలించి 1990లో ఒక గ్రంథము ప్రకటించినది. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. చిరకాలము నిలచిన సంఘములలో కొన్ని లక్షణములను ఆమె కనుగొన్నది. సభ్యులెవరో స్పష్టముగా ఉండవలెను. నియమమునకు లోబడువారికే నియమము చేయుటలో పాలు ఉండవలెను. కనిపెట్టి చూచువారు వారిలోనివారే కావలెను. తప్పునకు తగిన చిన్న శిక్షతో మొదలిడి క్రమముగా పెంచవలెను. తగవు త్వరగా, ఖర్చు లేక తీరవలెను. మంచి గిల్డుల నియమావళిని ఈ పట్టిక ప్రక్కన పెట్టి చూచినచో ఒకదానికొకటి నకలు వలె కనిపిస్తవి.

ఇట్టి పరిశోధనలలో తెలుగు నేలకును చోటు కలదు. రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లా గ్రామములలో తిరిగి 1988లో ఒక గ్రంథము ప్రకటించినాడు. కాలువ మొదట ఉండి నీరు పుష్కలముగా గల ఊళ్లలో రైతులకు కట్టుబాటు లేదు. కాలువ చివర నీటికి కటకటలాడు ఊళ్లలోనే ఉమ్మడి నిధి, నీరు పంచు మనుషులు, చేను కాచు మనుషులు ఉన్నట్లు ఆయన చూచినాడు. కూడకపోతే నష్టము తప్పదను చోటనే సంఘము పుడుతుంది. రాక్షసుని ఒంటరిగా చంపరాని విధమున కల్పించిన ఆట రచయితలు తెలిసియో తెలియకయో ఈ సూత్రమునే వాడుకొన్నారు.

తరగతి గదికి

నేడు ఈ ఆటలు టెలిఫోనులోనికి వచ్చినవి. 2012లో ఫిన్లండున పుట్టిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆటలో ఒక కూటమికి 50 మంది వరకు సభ్యులు. అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను చదువుకొను పిల్లలకు ఇవి తెలియనివి కావు. కాలము మింగు వ్యసనముగా మారిన ఆటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల పట్టికలో చేర్చినది; ఆ పట్టిక 2022 నుండి అమలులోనికి వచ్చినది. డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నిషేధించుచు మన పార్లమెంటు 2025లో శాసనము చేసినది. ఇవి ఉపేక్షింపదగినవి కావు. అర్ధరాత్రి వరకు సభ్యులను కూర్చుండబెట్టిన గిల్డులు ముందుగా అలసిపోయిన సభ్యులనే పోగొట్టుకొన్నవి.

అయినను ఆటను విడిచి అందులోని విద్యను గ్రహించుటకు అడ్డు లేదు. విజ్ఞాన ప్రదర్శనకు ఐదుగురు విద్యార్థులు ఒక నమూనా చేయునప్పుడు ఇద్దరు శ్రమించుట, ముగ్గురు పేరు పంచుకొనుట తరచు కనిపించునదే. ఎవరి పని ఏదో ముందే వ్రాసికొనుట, పద్దు గోడపై అంటించుట, తప్పినవానికి మొదట మెత్తగా చెప్పుట, బాగా చేసినవానిని తరగతి ఎదుట పేరుతో పిలుచుట అను నాలుగు పనులు చేసిన ఉపాధ్యాయుడు శాసనములలోని శ్రేణి ధర్మమునే పిల్లలకు అప్పగిస్తున్నాడు.

జగ్గన్నతోటలో కూడు పదకొండుగురు రుద్రులకు వ్యాఘ్రేశ్వరుడు అధ్యక్షుడని, మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథేయుడని అక్కడివారు చెప్పుకొంటారు. దేవుళ్లకు కూడ పనులు పంచియిచ్చిన ఊళ్లవి. ప్రభ నీటిలో దిగినప్పుడు ఎవరి భుజము ఎక్కడ ఉండవలెనో మోయువారికి ముందే తెలుసు. కావుననే అది ఒరగక ఆవలి గట్టు చేరుతున్నది.