కొత్త కన్సోల్ రాక, దుకాణదారుని బెంగ: తెలంగాణలో వీడియోగేమ్ వ్యాపారంపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కొత్త వీడియోగేమ్ కన్సోల్ విడుదల అనగానే కొనేవారి ఉత్సాహం గురించే ఎక్కువగా రాస్తారు. అమ్మేవారి ఆందోళన చరిత్రకు ఎక్కడం తక్కువ. 1990ల నాటి క్యాసెట్ల కాలం నుంచి 2025 వరకు ఈ ఆందోళన స్వరూపం ఎలా మారుతూ వచ్చిందో కొల్లాపూర్ అనుభవం, హైదరాబాదు విపణి, అంతర్జాతీయ పరిణామాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కన్సోల్ అమ్మకంలో దుకాణదారునికి మిగిలేది స్వల్పమనీ, అతని బతుకు ఆటల మీద, పాతసరుకు మీద నిలిచిందనీ, కొత్తతరాలు వచ్చేకొద్దీ ఆ ఆధారం తరుగుతూ వచ్చిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్సోల్, క్యాసెట్, గిరాకి, ఉద్దెర, మారుబేరం, చిల్లర వ్యాపారం, కొల్లాపూర్.

1. ప్రస్తావన

కొల్లాపూర్ ప్రాంతంలో మామిడితోటలను పూత దశలోనే గుత్తకు పట్టే ఆచారం ఉంది. కాయ కంటికి కనబడకముందే వ్యాపారి డబ్బు పెట్టేస్తాడు. ఆ తరువాత గాలివాన వచ్చినా, పూత రాలినా, ధర పడిపోయినా భారం అతనిదే. కొత్త కన్సోల్ విడుదలకు ముందు దుకాణదారుని స్థితి చాలావరకు ఇటువంటిదే. ఎన్ని పెట్టెలు వస్తాయో తెలియకుండా బయానాలు తీసుకోవాలి. ఏ ఆటలు అమ్ముడవుతాయో తెలియకుండా సరుకు తెప్పించాలి. ఉన్న పాతతరం సరుకును ధర పడకముందే వదిలించుకోవాలి. అయితే ఒక భేదం ఉంది. కాయ చేతికి వచ్చాక మామిడి వ్యాపారికి దానిమీద పూర్తి హక్కు ఉంటుంది. కన్సోల్ దుకాణదారునికి ఆ హక్కు తరతరానికీ తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదలే ఈ వ్యాసానికి విషయం.

తెలుగు పరిశోధనలో సంతలమీద, చేతివృత్తులమీద, వృత్తిపదాలమీద విలువైన కృషి జరిగింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయపదాలది. ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణం కూడా ఇప్పుడు మన పట్టణాలలో ఒక వృత్తిస్థలమే కనుక దాని చరిత్రను, దాని మాటలను ఆ దృష్టితో చూడవలసి ఉంది.

2. క్యాసెట్ల కాలం

1990లలో మా ప్రాంతంలో ‘కన్సోల్’ అనే మాట వినబడేది కాదు. అందరి నోటా ఉన్నది ‘టీవీ గేమ్’ లేదా ‘వీడియోగేమ్’. ఆటను పొదిగిన ప్లాస్టిక్ డబ్బాను ‘క్యాసెట్’ అనేవారు. పాటల క్యాసెట్టుకు అలవాటుపడిన నోటికి అది సహజంగా కుదిరిన పేరు. ఈ యంత్రాలలో అధికభాగం నింటెండో సంస్థ 1983 జూలైలో జపానులో విడుదల చేసిన ఫామికామ్‌కు అనుకరణలు. నింటెండో యంత్రం భారతదేశంలో ‘సమురాయ్’ పేరుతో అమ్మకానికి వచ్చినప్పటికీ, నా బాల్యంలో మా పట్టణంలో నేను చూసినవి చౌక అనుకరణలే.

నేను మొదటిసారి ఆడింది ఒక టీవీ మరమ్మతు దుకాణంలో. యజమాని క్యాసెట్టును తీసి, అంచును నోటితో ఊది, మళ్ళీ దిగ్గొట్టి, తెరమీద బొమ్మ నిలిచాకే రిమోట్ చేతికి ఇచ్చేవాడు. పైన అంటించిన కాగితం మీద 9999 ఆటలని ఉండేది. లోపల ఉన్నవి పదో ఇరవయ్యో, అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అది అమ్మేవానికీ తెలుసు, కొనేవానికీ తెలుసు.

ఆ వ్యాపారంలో విడుదల తేదీ అనే భావనే లేదు. హైదరాబాదు నుంచి మాలు వచ్చిన రోజే విడుదల. దీనికి కారణం దేశ దిగుమతి విధానంలో ఉంది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత కూడా అనేక వినియోగవస్తువుల దిగుమతిమీద పరిమాణ ఆంక్షలు కొనసాగాయి. చివరిగా మిగిలిన 715 వస్తువులమీద ఆంక్షలు తొలగినది 2001 ఏప్రిల్ 1న. అంతవరకు విదేశీ ఎలక్ట్రానిక్ సరుకులో చాలాభాగం బిల్లు లేని మాలుగానే తిరిగింది. కంపెనీ వారంటీ లేనిచోట దుకాణదారుని మాటే వారంటీ అయింది. చెడిపోతే అతని దగ్గరికే తెచ్చేవారు.

ఇక్కడ మూడు మాటలను గమనించాలి. తెలంగాణ వ్యాపారభాషలో ‘గిరాకి’ అంటే సరుకుకున్న డిమాండు మాత్రమే కాదు, దుకాణానికి వచ్చిన మనిషి కూడా. సంస్కృత ‘గ్రాహక’ శబ్దంతో బంధుత్వమున్న ఈ మాట వస్తువు కోరికనూ మనిషినీ విడదీయదు. ‘ఉద్దెర’ అంటే అప్పుమీద ఇచ్చే సరుకు. ‘మారుబేరం’ కొన్నదాన్ని తిరిగి అమ్మడం. పాత క్యాసెట్టు ఇచ్చి, పైన కొంత కట్టి, వేరేది పట్టుకుపోయే పద్ధతి ఆనాటి పిల్లలందరికీ తెలిసినదే. ఒకే క్యాసెట్టు నాలుగైదు చేతులు మారి, ప్రతిసారీ దుకాణానికి ఎంతో కొంత మిగిల్చేది. యంత్రం ఒక ఇంటికి ఒక్కసారే అమ్ముడవుతుంది. గిరాకి మళ్ళీ మళ్ళీ గడప తొక్కేది క్యాసెట్టు కోసమే.

3. అమెరికా దుకాణాల భయం: 1983–85

దుకాణదారుల భయమే ఒక పరిశ్రమ గతిని నిర్ణయించిన సందర్భం అమెరికాలో ఉంది. 1982–83 నాటికి అక్కడి దుకాణాలు అమ్ముడుపోని క్యాసెట్లతో నిండిపోయాయి. కొన్ని తయారీ సంస్థలు మూతపడి, సరుకు వాపసు తీసుకునేవారే లేకపోయారు. అటారీ సంస్థ 1983లో తన సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో వద్ద పూడ్చిపెట్టింది. 2014లో జరిపిన తవ్వకంలో ఆ క్యాసెట్లు బయటపడ్డాయి. సుమారు 300 కోట్ల డాలర్లకు పైగా ఉన్న వార్షిక విపణి 1985 నాటికి 10 కోట్ల డాలర్ల స్థాయికి పడిపోయింది.

అటువంటి సమయంలో నింటెండో తన యంత్రాన్ని అమెరికాకు తెచ్చింది. వీడియోగేమ్ అంటే దుకాణదారులు వినడానికి సిద్ధంగా లేరు. కనుక పేరులో ఆ మాట లేకుండా ‘ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్’ అన్నారు. బొమ్మల దుకాణంలో ఇమిడేలా ఒక చిన్న రోబోను జతచేశారు. 1985 అక్టోబరులో న్యూయార్క్ నగరంలో మొదలుపెట్టి, సరుకును తామే దుకాణాలలో అమర్చి, 90 రోజుల తరువాతే డబ్బు కట్టమన్నారు. మిగిలినది వాపసు తీసుకుంటామన్నారు. మన కిరాణా దుకాణంలో దీన్ని ఉద్దెర అంటారు. ఇక్కడ ఉద్దెర పెట్టినవాడు తయారీదారు, తీసుకున్నవాడు దుకాణదారు. నా పరిశీలనలో చిల్లర వ్యాపారి భయాన్ని తయారీదారు ఇంత బహిరంగంగా తన నెత్తిన వేసుకున్న సందర్భం ఈ రంగంలో మళ్ళీ కనబడదు.

4. తేదీ వచ్చింది, లాభం తగ్గింది

2006లో ఎక్స్‌బాక్స్ 360, 2007 ఏప్రిల్‌లో రూ. 39,990 ధరతో ప్లేస్టేషన్ 3 భారతదేశంలో అధికారికంగా విడుదలయ్యాయి. తేదీ, ధర, బిల్లు, వారంటీ అన్నీ వచ్చాయి. వాటితోపాటు కొత్త బెంగ కూడా వచ్చింది. ప్లేస్టేషన్ 3 జపానులో వెలువడింది 2006 నవంబరులో. నడుమ గడిచిన అయిదునెలలూ బిల్లు లేని మాలుకు అనువైన కాలం. అధికారిక పెట్టె వచ్చేసరికి, ఎంత ధరైనా పెట్టగల గిరాకి ముందే కొనేసి ఉండవచ్చు.

లాభం విషయానికి వస్తే, అమెరికాలోని గేమ్‌స్టాప్ గొలుసు దుకాణాల వార్షిక నివేదికలు ఉపయోగపడతాయి. 2012 ప్రాంతంలో కొత్త యంత్రాల అమ్మకంమీద వారికి మిగిలిన స్థూలలాభం 8 శాతం లోపు. చేతులు మారిన పాతసరుకుమీద 45 శాతానికి పైమాట. మన చిన్న దుకాణాలకు ఇటువంటి లెక్కలు అచ్చులో దొరకవు గాని, క్యాసెట్టు మార్పిడిని చూసినవారికి ఈ నిష్పత్తి ఆశ్చర్యం కలిగించదు.

ప్లేస్టేషన్ 2 కాలంలో మన దుకాణాల ఆదాయంలో ఒక భాగం చిప్ వేయడం ద్వారా, నకలు డిస్కుల ద్వారా వచ్చిందన్నది దాచవలసిన విషయం కాదు. అదే యంత్రానికి 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆటను తయారుచేసింది. నకలు ఎంత విస్తారమైనదో, ఇక్కడి విపణిమీద సోనీ ఆశ కూడా అంత బలమైనదని ఈ రెండు వాస్తవాలూ కలిసి చెబుతాయి.

అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన పీఎస్‌పీ గో యంత్రానికి డిస్కు పెట్టే చోటే లేదు. ఆటలన్నీ ఇంటర్నెట్ ద్వారానే. నెదర్లాండ్స్‌లోని నెడ్‌గేమ్ అనే దుకాణాల సంస్థ దాన్ని అమ్మబోమని ప్రకటించింది. ఒకసారి పెట్టె అమ్మి, ఆ గిరాకిని శాశ్వతంగా పోగొట్టుకునే బేరం ఎవరికి కావాలి? 2013 మే నెలలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు పాత డిస్కుల మారుబేరంమీద షరతులు పెట్టింది. ఆటగాళ్ళు తిరగబడడంతో జూన్ 19న వాటిని ఉపసంహరించుకుంది. అయితే భారతీయ దుకాణదారునికి దెబ్బ మరొక వైపు నుంచి తగిలింది. 2014 సెప్టెంబరు 23న ఆ యంత్రం మనదేశంలో విడుదలైనప్పుడు అమ్మకపు హక్కు అమెజాన్‌కు ప్రత్యేకంగా దక్కింది. అంతవరకు ఎన్ని పెట్టెలు వస్తాయోనని బెంగపడినవాడు, అసలు తనకు పెట్టె వస్తుందా అని అడగవలసి వచ్చింది.

5. తేదీ లేని నిరీక్షణ: 2020–21

2018 బడ్జెటులో కన్సోళ్ళపై దిగుమతి సుంకం 10 నుంచి 20 శాతానికి పెరిగింది. 2019 జనవరి 1 నుంచి వస్తుసేవల పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఒక చేత్తో ఇచ్చినది మరొక చేత్తో అంతకుముందే తీసుకున్నట్టయింది. ఈ స్థితిలో 2020 నవంబరు వచ్చింది. ఎక్స్‌బాక్స్ కొత్తతరం యంత్రాలు నవంబరు 10న ప్రపంచంతోపాటే ఇక్కడా వెలువడ్డాయి. ప్లేస్టేషన్ 5 నవంబరు 12న కొన్ని దేశాలలో, 19న మరికొన్ని దేశాలలో విడుదలైంది. భారతదేశానికి ధర చెప్పారు గాని తేదీ చెప్పలేదు. డిస్కు ఉన్నదానికి రూ. 49,990, డిస్కు లేనిదానికి రూ. 39,990.

చివరకు 2021 జనవరి 12న ముందస్తు బుకింగులు మొదలై నిమిషాలలో ముగిశాయి. ఫిబ్రవరి 2న డిస్కు ఉన్న రకం మాత్రమే విడుదలైంది. ఆ రెండున్నర నెలల నడుమ దుకాణదారుని దగ్గర సరుకు లేదు, సమాధానం లేదు, రోజూ అడిగే గిరాకి మాత్రం ఉంది. బిల్లు లేని మాలు మళ్ళీ తల ఎత్తింది. ఆ తరువాత కూడా కొరత తీరక, కన్సోల్ కావాలంటే ఆటలో అదనపు రిమోటో కలిపి కొనాలనే పద్ధతి వ్యాపించింది. దీనిపై కొనేవారి ఆగ్రహం న్యాయమైనదే. కాని పెట్టెమీద ఏమీ మిగలని వ్యాపారి పక్క సరుకుమీద రాబట్టుకోవాలని చూడడం ఆ బేరపు నిర్మాణంలోనే ఉంది. సమర్థించకపోయినా దాన్ని అర్థం చేసుకోవచ్చు.

డిస్కు లేని రకానికి ఉన్న పదివేల తేడాను కూడా ఇలాగే చదవాలి. కొనేవానికి అది తగ్గింపు. అమ్మేవానికి అది ఒక ఇంటితో ఏళ్ళ తరబడి సాగవలసిన మార్పిడి మొత్తం ఒకేసారి తెగిపోవడం.

6. ఇటీవలి రెండు విడుదలలు

2024 నవంబరు 7న వెలువడిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్కు భాగం లేదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. అప్పుడు భారతదేశంలో అది విడుదల కాలేదు. ఆ యంత్రం వాడే 6 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పౌనఃపున్యానికి ఇక్కడ అప్పటికి అనుమతి లేకపోవడమే సంస్థ చెప్పిన కారణం. సుంకం, పన్ను, ఓడరేవు వరకు ఊహించగల దుకాణదారు తన బేరం రేడియో తరంగాల దగ్గర ఆగుతుందని ఊహించి ఉండడు.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 వచ్చింది. దీనికి ‘గేమ్-కీ కార్డు’ అనే కొత్తరకం క్యాసెట్టు ఉంది. కార్డు చేతికి వస్తుంది, కాని ఆట అందులో ఉండదు. యంత్రంలో పెట్టి ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. అయితే కార్డు ఎవరి దగ్గర ఉంటే ఆడే హక్కు వారిది, కనుక మారుబేరం ఇంకా సాధ్యమే. సంస్థ ఆ ఆటను దించుకునే వీలు కల్పించినంతకాలం మాత్రమే ఆ కార్డుకు విలువ. పాత కార్డు కొనే దుకాణదారు ఇకమీదట అంచు అరిగిందా లేదా అన్నది కాక, ఎక్కడో ఉన్న సర్వరు ఎన్నేళ్ళు నడుస్తుందన్నది అంచనా వేసి ధర కట్టాలి.

కొల్లాపూర్‌లో నేను క్యాసెట్టు ఆడిన దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ తెరలకు గాజు అంటిస్తున్నారు. కన్సోల్ కొనాలనుకునే యువకులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, లేదా సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వరకు వెళ్ళి వస్తారు. చెడిపోతే ఎవరికి చూపించాలన్న ప్రశ్నతో మాత్రం మళ్ళీ ఆ దుకాణానికే వస్తుంటారు.