హవాయి దీవుల వాగులు, చిత్తడి నేలలు: సర్వే, పునరుద్ధరణ

హవాయి దీవుల్లో చెరకు తోటల కోసం దారి మళ్లించిన నీటిని తిరిగి వాగుల్లోకి తేవడానికి, పూడిపోయిన పల్లపు నేలలకు జీవం పోయడానికి సాగుతున్న కృషి ఇది. 1970ల నాటి న్యాయపోరాటాలతో ఊపందుకుని, 1990 తర్వాత శాస్త్రీయ సర్వేల అండతో విస్తరించింది. ఇందులో జీవశాస్త్రవేత్తలకు ఎంత భాగముందో, చేమ పండించే రైతులకూ అంతే భాగముంది.

వాగుల స్వభావం

అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఈ దీవుల్లో వాగులు పొట్టిగా, నిటారుగా ఉంటాయి. ఈశాన్య పవనాలు కొండలను తాకి కురిపించిన వాన నేలలోకి ఇంకుతుంది. లావా గడ్డకట్టి ఏర్పడిన నిలువు రాతిగోడల మధ్య ఆ నీరు నిలిచి, ఊటలుగా బయటికొస్తుంది. వానలు లేని రోజుల్లోనూ చాలా వాగులు పారడానికి కారణం ఇదే.

ఈ వాగుల్లో ఓఓపు అని పిలిచే స్థానిక చేపలు ఐదు జాతులున్నాయి. రాళ్లకు అంటుకున్న గుడ్ల నుంచి బయటపడ్డ పిల్లలు ప్రవాహంతోపాటు సముద్రంలోకి వెళ్లిపోతాయి. కొన్ని నెలలు అక్కడ పెరిగి, మళ్లీ ఏదో ఒక వాగులోకి ఎదురీదుతాయి. వీటిలో కొన్ని జాతులకు పొట్ట కింది రెక్కలు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. ఆ గిన్నెతో తడిరాతిని కరుచుకుంటూ జలపాతాలు ఎక్కుతాయి. 135 మీటర్ల అకాకా జలపాతానికి ఎగువన కూడా ఓఓపు కనిపిస్తుంది. కొండకూ కడలికీ నడుమ నీరు ఒక్కచోట తెగినా ఈ రాకపోకలు ఆగిపోతాయి.

పూర్వపు నీటి ఏర్పాటు

హవాయి స్థానికులు వాగు నుంచి ఔవై అనే పంట కాలువ తీసి, చేమ మడులకు నీరు పెట్టేవారు. మడి నుంచి మడికి పారిన నీరు చివరికి మళ్లీ వాగులోనే కలిసేది. వాగు కడలిలో కలిసేచోట రాతిగోడ కట్టి చేపల చెరువులు ఏర్పరచేవారు. గోడలోని తూముకు కర్రల తడిక ఉండేది. చిన్న చేప దాని సందుల్లోంచి లోపలికి వచ్చేది, పెరిగాక బయటికి పోలేకపోయేది. వారి భాషలో వై అంటే మంచినీరు, వైవై అంటే సంపద. చట్టాన్ని కానావై అంటారు.

మళ్లించిన నీరు, పూడ్చిన నేల

1875లో అమెరికాతో కుదిరిన వాణిజ్య ఒప్పందం హవాయి చక్కెరకు సుంకం లేని మార్కెట్ తెచ్చింది. ఆ వెంటనే, 1876-78 మధ్య, మావీ దీవిలో హమాకువా కాలువ తవ్వారు. ఓవాహు దీవిలో 1913-16 మధ్య కోఓలావు కొండలను తొలిచి వైయాహోలే కాలువ నిర్మించారు. ఆ సొరంగం రాతిగోడల వెనక దాగిన నీటినే తోడేసింది. రోజుకు సుమారు 2.7 కోట్ల గ్యాలన్లు కొండ అవతలి తోటలకు తరలిపోయాయి.

వాగుకు అడ్డంగా ఇనుప చువ్వల జల్లెడ పరిచి నీరు మళ్లించడం పలుచోట్ల వాడిన పద్ధతి. మామూలు రోజుల్లో వాగు మొత్తం ఆ చువ్వల సందుల్లోంచి కాలువలో పడిపోయేది, దానితోపాటే చేపపిల్లలూ. కింద మిగిలేవి ఎండిన రాళ్లు.

పల్లపు నేలలకూ ఇదే గతి పట్టింది. 1921-28 మధ్య అలావై కాలువ తవ్వి, ఆ మట్టితో ఓవాహులోని వైకీకీ మడులను, చెరువులను పూడ్చారు. నేటి హోటళ్లు నిలిచింది ఆ నేల మీదే.

సర్వేలు

1987లో నీటి చట్టం, దాని అమలుకు జలవనరుల కమిషన్ వచ్చాయి. కమిషన్, అమెరికా జాతీయ పార్కుల సంస్థ కలిసి 1990లో వెలువరించిన అంచనా నివేదిక ఏడాది పొడవునా పారే 376 వాగులను నమోదు చేసింది. 2008లో పరీవాహక ప్రాంతాల అట్లాసు వచ్చింది.

క్షేత్రంలో పని ఓపికతో కూడినది. ముఖానికి అద్దం, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని పరిశీలకుడు మోకాలిలోతు నీటిలో బోర్లా పడుకుంటాడు. ఒక్కోచోట కనిపించిన చేపలు, రొయ్యలు, నత్తల జాతిని, సంఖ్యను రాసుకుంటాడు. ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకే కదులుతాడు, లేకపోతే తాను రేపిన బురదే తన చూపుకు అడ్డం. నీటి లోతు, వేగం, అడుగున ఉన్నది ఇసుకా బండా అన్నదీ నమోదవుతాయి. ఏ జాతికి ఎంత ప్రవాహం కావాలో తేల్చడానికి ఈ లెక్కలే ఆధారం.

తీర్పులు, నీటి విడుదల

నీరు ప్రైవేటు ఆస్తి కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1973లో తేల్చింది. 1978 రాజ్యాంగ సవరణ జలవనరులను ప్రజల తరఫున కాపాడే బాధ్యతను రాష్ట్రంపై పెట్టింది. 1990లలో ఓవాహు చెరకు తోట మూతపడటంతో వైయాహోలే నీటి కోసం రైతులు, పర్యావరణ కార్యకర్తలు పోరాడారు. 2000 ఆగస్టులో వచ్చిన తీర్పు వాగుల్లో పారే నీటికి రక్షణ కల్పించింది. శాస్త్రీయ నిశ్చయం లేదన్న సాకుతో కాపాడే పని వాయిదా వేయరాదని చెప్పింది. మావీలో చివరి చెరకు తోట 2016లో మూతపడింది. 2018లో ఆ దీవి తూర్పున ఉన్న పలు చేమసాగు వాగులకు పూర్తి ప్రవాహం తిరిగి ఇవ్వాలని కమిషన్ ఆదేశించింది.

చిత్తడి నేలలు

ఓవాహులోని కవైనుయి, హవాయిలో మిగిలిన చిత్తడి నేలల్లో అతి పెద్దది. 2005లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ప్రమాదంలో ఉన్న స్థానిక నీటిపక్షులకు అది ఆశ్రయం.

ఓవాహులోనే ఉన్న హెఎయియాలో స్థానిక సంస్థలు కొండ దిగువన చేమ మడులను, తీరాన 88 ఎకరాల చేపల చెరువును బాగుచేస్తున్నాయి. 1965 వరదలో తెగిన చెరువు గోడ గండి 2015లో పూడింది. ఒండ్రు ఆపడానికి 1902లో మొలొకాయి దీవికి తెచ్చిన మడ చెట్లు ఇక్కడికీ పాకాయి. ఈ దీవుల్లో సహజంగా లేని ఆ చెట్లు గోడలను పెకలించి, తీరాన్ని కమ్మేశాయి. వాటిని నరకడమే ఇక్కడ పునరుద్ధరణలో తొలి పని. 2017లో ఈ ప్రాంతం జాతీయ నదీముఖ పరిశోధన రక్షిత ప్రాంతమైంది.

నేటి స్థితి

నీరు వదలగానే వాగు కోలుకోదు. బయటినుంచి తెచ్చిన చేపలు స్థానిక జాతులను తింటాయి, కాంక్రీటు కాలువలు దారి మూస్తాయి. అందుకే నీరు విడిచాక మళ్లీ మళ్లీ లెక్కించడం అవసరం. కడలి నుంచి వచ్చిన ఓఓపు పిల్లలు ఎగువ మడుగుల్లో కనబడితేనే, కొండ నుంచి కడలి దాకా వాగు మళ్లీ ఒక్కటైందని సర్వే చెప్పగలుగుతుంది.