ప్రథమ భారతీయ నౌకాదళాధిపతి: రామదాసు కటారి

ఖరగపురమునకును మిదనాపురమునకును నడుమ పారు కంసావతి తూర్పునకు సాగి, కెలేఘాయి నదితో కలిసి, హల్దీ అను పేరుతో హుగ్లీనదిలో పడుచున్నది. కలకత్తా పోవు రైలు కోలాఘాట్ వంతెనపై దాటు రూపనారాయణ నదియు ఆ హుగ్లీలోనే కలియుచున్నది. బి.ఎన్.ఆర్. కంపెనీ కాలమున విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల నుండి వర్క్‌షాపు పనులకు వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ నదులు ఇంటిముందరి కాలువల వంటివి. కాని ఈ నీరు చేరు హుగ్లీలో ఇసుక తిన్నెలను కొలుచు ఉద్యోగమున యౌవనము గడపిన యొకరు, తరువాత భారత నౌకాదళమునకు మొట్టమొదటి భారతీయాధిపతి అయిరని ఎరిగినవారు మనలో తక్కువ.

ఆయన వైస్ అడ్మిరల్ రామదాసు కటారి. 1911 అక్టోబరు 8వ తేదీన చెంగల్పట్టునందు జన్మించిరి. ఇంటిపేరు తెలుగువారికి పరిచితమైనదే. ఉద్యోగ విరమణానంతరము ఆంధ్ర రాష్ట్రముతో ఆయనకు ఏర్పడిన సంబంధము ముందు తెలియగలదు.

ఆయన బాల్యమున భారతీయునకు సముద్రముపై అధికారి కాగల మార్గమే లేకుండెను. ఓడలలో మనవారు లేకపోలేదు. వేలకొలది లస్కరులు బొగ్గు వేయుచు, త్రాళ్లు లాగుచు, వంటలు చేయుచు నుండిరి. పై అంతస్తున నిలిచి ఓడను నడుపువాడు మాత్రము తెల్లవాడు. రాయల్ ఇండియన్ మెరైన్ అనబడిన ప్రభుత్వ నౌకాశాఖలో మొదటి భారతీయాధికారిగా డి.ఎన్. ముఖర్జీ ప్రవేశించినది 1928లో. ఆయనయు ఇంజనీరుగానే చేరిరి. వర్తక నౌకలలో స్థితి యింతకంటె మెరుగు కాదు. సర్ పి.ఎస్. శివస్వామి అయ్యరు మొదలగువారు కేంద్ర శాసనసభలో ఈ విషయము నెత్తి, కమిటీ వేయించి, పట్టువిడువక పోరాడిన ఫలితముగా 1927లో బొంబాయి రేవునందు డఫరిన్ అను శిక్షణ నౌక ఏర్పడెను. 1904లో నిర్మింపబడి సైనికులను మోసిన పాత ఓడ అది. దానినే లంగరు వేసి కళాశాల గావించిరి. తరగతి గదియు, వసతి గృహమును, ఆటస్థలమును ఓడయే. అందు చేరిన తొలి జట్టు విద్యార్థులలో కటారి ఒకరు.

అచట చదివి బయటికి వచ్చినంతనే పిలిచి ఉద్యోగ మిచ్చువారు లేరు. బ్రిటిషు కంపెనీలు భారతీయ విద్యార్థులను అప్రెంటిసులుగా తీసికొనుటకు వెనుకాడెను. వాల్‌చంద్ హీరాచంద్ ప్రభృతులు 1919లో స్థాపించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వంటి స్వదేశీ సంస్థలే వారికి ఆశ్రయము. అప్రెంటిసు పనియనిన ఏమో, చదువు ముగిసిన పిదప పనిముట్టు పట్టి మరల మొదటి నుండి నేర్చుకొనుట యెట్టిదో ఖరగపురపు రైల్వే కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు.

కొంతకాలమునకు కటారి కలకత్తా పోర్టు వారి హుగ్లీ నదీ సర్వే శాఖలో చేరిరి. కలకత్తా రేవు సముద్రమునకు నూరు మైళ్లకు పైగా లోపల నున్నది. నది అడుగున ఇసుక నిలకడగా నుండదు. నిన్న ఓడ పోయిన దారి రేపు మెరక కావచ్చును. దామోదర, రూపనారాయణ నదులు హుగ్లీలో కలియు చోట నున్న జేమ్స్ అండ్ మేరీ అను ఇసుక తిన్నె ఎన్ని నౌకలను మ్రింగెనో లెక్కలేదు. 1694లో అచట మునిగిన యొక ఓడ పేరే దానికి నిలిచిపోయినది. సర్వే చేయువారు పడవలపై దినదినము తిరిగి లోతులు కొలిచి, పటములు దిద్ది, ఓడలను నడుపు పైలట్లకు అందజేయవలెను. అది పేరు ప్రతిష్ఠలు తెచ్చు పని కాదు. బురద, ఎండ, ఆటుపోటులు, అంకెలు. కాని ఒక అంకె తప్పినచో వేల టన్నుల ఓడ నేల నంటును. విశాల సముద్రముపై కాక, ఇట్టి ఇరుకు నీటిలో పని నేర్చిన వానికి లెక్కయందు భయభక్తు లేర్పడుట సహజము.

1939లో యుద్ధము రాగా ఆయన నౌకాదళపు వాలంటీరు రిజర్వులో చేరిరి. అనగా రాజమార్గమున గాక ప్రక్క ద్వారమున ప్రవేశించిరన్నమాట. యుద్ధానంతరము రెగ్యులరు అధికారిగా నిలిచిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను నౌకాదళమునకు అధిపతులుగా బ్రిటిషు వారే కొనసాగిరి. పదాతి దళమునకు 1949 జనవరిలో కరియప్పయు, వాయుదళమునకు 1954 ఏప్రిలులో సుబ్రతో ముఖర్జీయు అధిపతులు కాగా, నౌకాదళము మాత్రము మరి నాలుగేండ్లు వేచి యుండవలసి వచ్చెను. దీనిని కొందరు అవమానముగ భావించిరి. కాని ఆ లోపము 1947 నాటిది కాదు, 1920ల నాటిది. కొడుకు పెద్దవాడు కావలెనన్న ముందు పుట్టవలెను గదా! దశాబ్దములు తలుపులు మూసి యుంచిన శాఖలో పెద్ద అధికారులు ఒక్కమారుగ ఎచటి నుండి వత్తురు?

1956లో కటారి భారత నౌకాసమూహమునకు నాయకత్వము వహించిన ప్రథమ భారతీయులైరి. 1958 ఏప్రిలు 22వ తేదీన వైస్ అడ్మిరల్ కార్లిల్ నుండి నౌకాదళాధిపత్యము స్వీకరించిరి. అప్పటికాయన వయస్సు 46. నౌకాదళమున చేరి పందొమ్మిదేండ్లయినను నిండలేదు.

ఆయన కాలమునకు ముఖ్య ఘట్టము విమానవాహక నౌక విక్రాంత్. కటారి స్వయముగా వైమానికులు కారు. కాని నౌకాదళమునకు రెక్కలు పూర్తిగా వచ్చినది ఆయన యేలుబడిలోనే. 1953లో కొచ్చిన్‌లో గరుడ అను వైమానిక కేంద్రముతో ఆరంభమైన శాఖకు సముద్రముపై స్థావరము కావలసి యుండెను. బ్రిటనులో సగము కట్టి విడిచిన హెర్క్యులిస్ అను నౌకను 1957లో మన ప్రభుత్వము కొనెను. అదియే 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్ నగరమున విజయలక్ష్మీ పండిట్ చేతులమీదుగా విక్రాంత్ అయ్యెను. బీద దేశమునకు ఇంత ఖరీదగు ఓడ యేలయని అడిగినవారును గలరు. ఓడను కొనుటకు ధనము చాలును. దానిపై విమానము దింపుటకు మనుష్యులు కావలెను. ఏడువందల అడుగుల ఓడపై, అలల మీద ఊగు చిన్న పలకవలె కనబడు చోటున, సీహాక్ జెట్ విమానము తోక కొక్కెముతో ఉక్కు త్రాటిని పట్టుకొని ఆగవలెను. 1961 మే 18న ఆ పని మొదట చేసిన భారతీయుడు తహిలియానీ. ఆయనయే 1984లో నౌకాదళాధిపతి అయిరి. ఆ పదవి నందిన తొలి నౌకా వైమానికుడు ఆయనయే.

నవంబరు 3న విక్రాంత్ బొంబాయి చేరెను. నెలన్నర దాటకుండగనే గోవా విమోచన చర్య వచ్చినది. విక్రాంత్ పశ్చిమ సముద్రమున కాపు కాచెను; దాని విమానములు బాంబులు వేయవలసిన పని లేకపోయెను. కాని డిసెంబరు 18న అంజదీవి దీవియందు దిగిన నావికులపై తుపాకులు ప్రేలినవి. ఏడుగురు నావికులు అసువులు బాసిరి. భారతీయాధిపతి ఆజ్ఞలపై భారత నౌకాదళము చేసిన తొలి యుద్ధమున చెల్లించిన వెల యిది.

1962 జూన్ 4న కటారి పదవీ విరమణ గావించిరి. పిదప ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులైరి. విమానవాహక నౌక నేలిన చేతికి పల్లెటూరి బస్సుల లెక్కలు వచ్చుట వినుటకు వింతగా నుండును గాని, హుగ్లీలో దినదినము లోతులు కొలిచిన వానికి అది చిన్నతనముగ తోచి యుండదు.

1964లో బర్మాకు రాయబారిగా పోయిరి. అది కఠిన కాలము. నీవిన్ ప్రభుత్వము దుకాణములను, వ్యాపారములను జాతీయము చేయగా లక్షల కొలది భారతీయులు కట్టుబట్టలతో మరలి వచ్చుచుండిరి. రంగూను రేవులలోను మిల్లులలోను తరతరములుగ శ్రమించిన తెలుగువారును వారిలో నుండిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట వారి గుర్తుగ నేటికిని గలదు. ఓడలెక్కి బ్రతుకుతెరువునకు పోయిన వారిని ఓడలెక్కించి స్వదేశమునకు పంపు ఆ యేండ్లలో రంగూనునందు భారతదేశపు ప్రతినిధిగా నుండినది, ఒకనాడు ఓడపైననే చదువుకొనిన ఈ నావికుడు. 1969 వరకు ఆయన అచట నుండిరి.

1983 జనవరి 21న సికిందరాబాదులో ఆయన కన్ను మూసిరి. డఫరిన్ అప్పటికే లేదు. 1972లో రాజేంద్ర అను క్రొత్త నౌక దాని స్థానమున వచ్చినది. 1993లో ఆ విద్యాలయము నీటిని విడిచి, చాణక్య అను పేరుతో నవీ ముంబయి గట్టునకు చేరినది.