మడ్డిలోని నీరు

బురదనీటి కడవలో చిల్లగింజ నరగదీసి కలిపినచో మన్ను క్రిందికి దిగి నీరు తేరుట మన పల్లెలలో పెద్దలెల్ల రెఱిగినదే. తేఱిన నీటిని గ్రహించి, అడుగుమడ్డిని పాఱబోయుదుము. కడవెడు నీటికిది సులభము. మహానగరపు మురుగునకో? దీనికి లండను చరిత్రము సమాధానము చెప్పుచున్నది.

1858వ సంవత్సరపు వేసవిలో థేమ్సునది దుర్గంధము పార్లమెంటు సభ్యులకు సైతము ఊపిరాడనీయలేదు. అంతట బాజల్జెట్టను ఇంజనీరు గొప్ప కాలువలు కట్టించి, మురుగును నగరమునకు తూర్పున బెక్టను, క్రాస్‌నెస్సుల కడ నదిలో విడిపించెను. 1878 సెప్టెంబరు 3వ తేదీన ఆ చేరువనే ప్రిన్సెస్ ఆలిస్ అను పొగయోడ మునిగి, ఆఱువందలకు పైగా జనులు మృతినొందిరి. నాటి మురుగు జనుల కంట బడెను. పిమ్మట మురుగులో సున్నమును, అన్నభేదిని కలిపి మడ్డిని వేఱుచేసిరి. నీరు తేఱెను, మడ్డి మిగిలెను. దానిని 1887 మొదలు ఓడల కెక్కించి సముద్రమున గ్రుమ్మరించిరి. ఈ పద్ధతి 1998 వఱకు సాగెను. దానిని నిలుపవలసి వచ్చుటచే మడ్డిని పిండి కాల్చుటకు కొలుములు కట్టవలసివచ్చెను.

పిండుటలోని లాభమును లెక్కించి చూడుడు. 100 మణుగుల పలుచని మడ్డిలో 98 మణుగులు నీరు, 2 మణుగులే గట్టిపదార్థము. నీటిని నూటికి 96 పాళ్లకు దింపినచో మడ్డి 50 మణుగులగును. 80 పాళ్లకు దింపినచో 10 మణుగులే!

అయినను ఆ నీరు సులభముగా వదలదు. మడ్డిరేణువులు ఋణవిద్యుత్తు కలవై యొకదానినొకటి నెట్టుకొనుచు నీటిని పట్టియుంచును. ఇనుపలవణము ధనవిద్యుత్తుచే వానిని గుంపుగూర్చును. ఉక్కును ఆమ్లమున కడిగిన వ్యర్థద్రవమునందును, టిటానియపు తెల్లరంగు చేయు కర్మాగారములందును ఈ లవణము ఉపోత్పత్తిగా లభించును. బొగ్గు కాల్చిన సన్నని బూడిదను కలిపినచో, యంత్రపు టొత్తిడికి మడ్డి మెత్తగా నణగిపోక, నీరు జాఱుటకు సందులు నిలుచును. ఒక కర్మశాల పాఱవేయునది వేఱొకచోట మందగుచున్నది.

కాని మందునకు మోతాదు కలదు. బూడిద పెరిగినకొలది ఎండుమడ్డి బరువును పెరుగును. వ్యర్థద్రవములలో సీసము, క్రోమియము మున్నగునవి యుండవచ్చును. పరీక్షింపక అట్టి మడ్డిని పొలమున చల్లరాదు. నగరమునుండి నదికి, నదినుండి సముద్రమునకు పోయిన మాలిన్యము ఇప్పుడు సేద్యగాని చేనికి చేరినచో, నూఱేండ్ల పాఠము మనము చదువనట్లే.